నెమలీకలో నీలం లేదు

ఈ గోడపత్రిక కుడి అంచున మూడు ప్లాస్టిక్ కవర్లు గుచ్చి ఉన్నాయి, చూశారా? మొదటి కవర్లో నెమలీక పోగులు రెండు. రెండో దాంట్లో చిటికెడు పొడి, ముదురు కాఫీపొడి రంగులో. మూడో దాంట్లో నెమలికంఠం రంగు పట్టుగుడ్డ ముక్క. చదువుతూ మధ్యమధ్య వాటి వంక చూడండి. వాటి కోసమే ఈ వ్యాసం.

సంగతి మా అటక మీద మొదలైంది. మొన్న సెలవుల్లో పాత పుస్తకాల మూట దించితే అమ్మ పదో తరగతి తెలుగు వాచకం బయటపడింది. అట్ట వెలిసిపోయి ఉంది. మొదటి పేజీలో నీలం సిరాతో రాసుకున్న పేరు, వెలుతురుకి పట్టుకుని చూస్తే గాని కనబడటం లేదు. పుస్తకం మధ్యలో ఒక నెమలీక. అది మాత్రం నిన్న రాలినట్టు మిలమిలా మెరుస్తోంది.

"ముప్పై ఏళ్ళు దాచాను, ఒక్క పిల్లన్నా పెట్టలేదు చూడవే," అని నవ్వింది అమ్మ.

"మేత సరిగ్గా వేసుండవు."

"ఎందుకు వెయ్యలేదూ? రోజూ పెన్సిలు పొట్టు వేసేదాన్ని."

పిల్లలు పెట్టకపోతే పోనీ. నా అనుమానం వేరు. సిరాలో నీలం పోయింది, అట్ట మీద నీలం పోయింది, అదే పుస్తకంలో ఉన్న ఈకలో నీలం ఎందుకు పోలేదు?

ఈకలో ఉన్న రంగేమిటో తెలియాలంటే నూరి చూడాలి కదా అన్నాను. అమ్మ మొహం మారిపోయింది. ఆ ఈక ఆవిడ చిన్ననాటి స్నేహితురాలు ఊరు వదిలి వెళ్ళిపోతూ చేతిలో పెట్టిందట. తరవాత వాళ్ళిద్దరూ మళ్ళీ కలవనే లేదు. కాసేపు ఈకను అటూ ఇటూ తిప్పి, "కింద ఈనె దగ్గరవి నాలుగు పోగులు తీసుకో. కన్ను మటుకు ముట్టుకోకు," అంది.

నాలుగింట్లో రెండు పోగులు మొదటి కవర్లో ఉన్నాయి. మిగిలిన రెండింటినీ కత్తెరతో సన్నగా తరిగి మందులు నూరే చిన్న కల్వంలో వేసి నూరాను. మొదట్లో పొడి కూడా తళుక్కుమంది. నూరేకొద్దీ తళుకు తగ్గింది. బాగా మెత్తగా అయ్యాక మిగిలింది ఆ రెండో కవర్లోది. పచ్చదనం లేదు, బంగారం మెరుపు లేదు, నీలం ఛాయ కూడా లేదు.

పసుపుకొమ్ము దంచితే పసుపే వస్తుంది. గోరింటాకు ఎంత మెత్తగా రుబ్బితే అంత బాగా పండుతుంది. ఎందుకంటే ఆ రంగు వాటి పదార్థంలోనే ఉంది. అలాంటి పదార్థాన్ని వర్ణకం అంటారు. వెలుతురులో కొన్ని రంగుల్ని అది మింగేస్తుంది, మింగకుండా వదిలేసినవి మన కంటికి వస్తాయి. నూరినా, నీళ్ళలో కలిపినా, గోడకి పూసినా వర్ణకం తన పని తాను చేస్తూనే ఉంటుంది. నెమలీక అలా చెయ్యలేదు. అంటే దాని నీలం పదార్థంలో లేదు. మరి ఎక్కడుంది?

జడలో ఉన్నదే, ఈకలోనూ

ఈక అంతా కెరటిన్ అనే ప్రొటీను. మన గోళ్ళు, జుట్టు తయారైంది కూడా కెరటిన్ జాతి ప్రొటీనుతోనే. నెమలీకలో ఉన్న వర్ణకం మెలనిన్. మన జుట్టుకి నలుపునీ, ఒంటికి చామనఛాయనీ ఇచ్చేది అదే. కెరటిన్, మెలనిన్, వాటి మధ్య కాస్త గాలి. నెమలి దగ్గర ఉన్న సరుకు ఇంతే. నీలానికొకటి, పచ్చకొకటి, బంగారు రంగుకొకటి అని వేరే వర్ణకాలేమీ లేవు. కల్వంలో నాకు మిగిలింది మెలనిన్ రంగే.

తేడా అంతా ఆ సరుకుని పేర్చడంలో ఉంది. దీన్ని నిర్మాణ వర్ణం అంటారు.

ఈ సంగతి పట్టుకోవడానికి చాలాకాలం పట్టింది. 1665లో రాబర్ట్ హుక్ తన 'మైక్రోగ్రాఫియా' పుస్తకంలో నెమలీకని సూక్ష్మదర్శిని కింద చూసి రాశాడు. నీళ్ళతో తడిపితే ఆ రంగులు పోతున్నాయని గమనించాడు. బట్టకి వేసిన అద్దకం అయితే తడిపినంత మాత్రాన పోదు కదా. 1704లో న్యూటన్ 'ఆప్టిక్స్'లో నెమలి తోక రంగుల్ని పలుచని పొరల రంగులతో పోల్చాడు. వెలుతురు అలల్లా ప్రవర్తిస్తుందని 19వ శతాబ్దం మొదట్లో థామస్ యంగ్ చూపించాక గానీ అసలు కారణం చెప్పడానికి దారి దొరకలేదు.

ఊయల లెక్క

కుంకుడుకాయ నురగ అరచేతిలో పెట్టుకుని ఎండలో చూసే ఉంటారు. నురగ తెల్లన, నీటికి రంగు లేదు. అయినా ఒక్కో బుడగ మీద గులాబీ, ఆకుపచ్చ, ఊదా రంగులు జారిపోతూ ఉంటాయి. వానాకాలంలో రోడ్డు మీద నీళ్ళ గుంటలో పెట్రోలు బొట్టు పడినా అంతే.

బుడగ గోడ చాలా పలచన. దాని మీద పడిన వెలుతురు కొంత పై తలం నించి వెనక్కి వస్తుంది, కొంత లోపలికి దిగి అడుగు తలం నించి వెనక్కి వస్తుంది. అడుగు నించి వచ్చింది కాస్త ఎక్కువ దూరం నడిచింది కాబట్టి ఆ మేరకి వెనకబడుతుంది. ఇప్పుడు ఈ రెండు అలలూ కలవాలి.

ఊయల ఊపేటప్పుడు ఏం చేస్తాం? వెనక్కి వచ్చి మళ్ళీ ముందుకి కదిలే క్షణంలో తోస్తే ఊపు పెరుగుతుంది. ఎదురొస్తున్నప్పుడు తోస్తే ఊపు చచ్చిపోతుంది. అలలూ అంతే. ఒక అల శిఖరం మీద రెండో అల శిఖరం పడితే బలపడతాయి, శిఖరం మీద లోయ పడితే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. మన సైన్సు పుస్తకాల్లో దీని పేరు వ్యతికరణం.

రంగు ఇక్కడే పుడుతుంది. వెలుతురులో ఒక్కో రంగుది ఒక్కో పొడుగు అల. నీలం అల పొడుగు సుమారు 450 నానోమీటర్లు, ఎరుపుది సుమారు 650. మిల్లీమీటరుని పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒకటి నానోమీటరు. బుడగ గోడ మందం ఏ అలకి ఊపు కలిసేలా ఉంటే ఆ రంగు వెలుగుతుంది, మిగిలినవి మసకబారతాయి. నీళ్ళు కిందికి జారి గోడ పలచబడుతున్నకొద్దీ రంగూ మారుతూ పోతుంది.

నెమలి ఇదే లెక్కని ఎండిపోయి, కదలకుండా ఉండేలా కట్టుకుంది. మధ్య ఈనె నించి రెండు వైపులా పోగులు వస్తాయి. ఒక్కో పోగుకి మళ్ళీ బోలెడు నూగుపోగులు ఉంటాయి. మెరిసేవి అవే. నూగుపోగు పై చర్మం కింద మెలనిన్ కడ్డీలు వరసల మీద వరసలుగా, గుడి మండపంలో స్తంభాల్లా సమదూరంలో నిలబడి ఉంటాయి. కడ్డీల్ని కెరటిన్ పట్టి ఉంచుతుంది, వాటి మధ్య గాలి ఖాళీలుంటాయి. 2003లో షాంఘైలోని ఫుడాన్ విశ్వవిద్యాలయం భౌతిక శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఆ స్తంభాల మధ్య దూరాలు కొలిచారు. నీలం ఉన్నచోట సుమారు 140 నానోమీటర్లు, ఆకుపచ్చ ఉన్నచోట 150, పసుపు ఉన్నచోట 165.

ఈ అంకెల దగ్గర ఒక్క క్షణం ఆగండి. మన జడలో వెంట్రుక మందం సుమారు 70,000 నానోమీటర్లు అనుకుందాం. నెమలి నీలానికీ ఆకుపచ్చకీ మధ్య తేడా 10 నానోమీటర్లు, అంటే వెంట్రుక మందంలో ఏడువేలో వంతు. స్తంభాలు అంత జరిగితే చాలు, ఒక రంగు ఇంకో రంగైపోతుంది. పింఛం కన్నులో వలయాలు వలయాలుగా అన్ని రంగులు పక్కపక్కనే ఉన్నాయంటే, ఒక్కో వలయంలో ఆ దూరం ఒక్కోలా పడిందన్నమాట. రంగుల డబ్బాలు ఎన్నో అక్కర్లేదు, కొలత మారిస్తే చాలు.

నేను కల్వంలో నూరినప్పుడు పడగొట్టింది ఆ స్తంభాలనే. హుక్ ఈకని తడిపినప్పుడు జరిగిందీ ఇలాంటిదే. గాలి ఉన్న ఖాళీల్లోకి నీళ్ళు దూరితే వెలుతురు నడక మారిపోతుంది, లెక్క తప్పుతుంది. ఆరాక మళ్ళీ లెక్క కుదురుతుంది, రంగు తిరిగి వస్తుంది. స్తంభాలు కూలితే మాత్రం తిరిగి రాదు.

ఇప్పుడు మొదటి కవరుని కొంచెం అటూ ఇటూ వంచి చూడండి, రంగు మారుతుంది. ఏటవాలుగా చూసినప్పుడు రెండు అలల నడకలో తేడా మారుతుంది కాబట్టి ఊపు కలిసే రంగూ మారుతుంది. తరవాత కవరు వెనక ఫోను లైటు వేసి, ఇవతలి నించి చూడండి. మీ కంటికి వచ్చేది ఇప్పుడు తిరిగొచ్చిన వెలుతురు కాదు, పోగుల్లోంచి దాటి వచ్చిన వెలుతురు. పచ్చ మెరుపు పోయి గోధుమరంగు మిగులుతుంది. రెండో కవర్లో పొడి రంగు, ఇదీ పక్కపక్కన పెట్టి పోల్చుకోండి.

నలుపు లేకపోతే

జూలలో తెల్ల నెమళ్ళని చూసే ఉంటారు. అవి వేరే జాతి కాదు, మన నెమళ్ళే. పుట్టుకతో వచ్చే మార్పు వల్ల వాటి ఈకల్లో మెలనిన్ చేరదు. మెలనిన్ లేదు కాబట్టి స్తంభాలూ లేవు. నలుపు ఒక్కటి లేకపోవడం వల్ల నీలం, పచ్చ, బంగారం అన్నీ పోయాయి.

నలుపుకి ఇంకో పని కూడా ఉంది. అటూ ఇటూ చెదిరిన వెలుతురుని అది మింగేస్తుంది. లేకపోతే ఆ చెదిరిన తెలుపు కింద పడి అసలు రంగు పాలిపోతుంది. సబ్బు బుడగని తెల్లగోడ ముందు, తరవాత నల్లగుడ్డ ముందు పట్టి చూడండి. రంగులు ఎక్కడ తేటగా కనిపిస్తాయో మీకే తెలుస్తుంది. చిన్నప్పటి నించీ మనలో చాలామందికి ఒంటి రంగు గురించి ఎవరో ఒకరు ఏదో ఒకటి అని ఉంటారు. నెమలి సొగసంతా మన ఒంట్లో ఉన్న ఆ మెలనిన్ పుణ్యమేనని తెలిసిన రోజున నాకు మటుకు లోపల్లోపల సంతోషమేసింది.

పేర్పు గొప్పతనం నెమలిదొక్కదానిదే కాదు. తాంబూలంలో వేసుకునే సున్నం గాలి సోకి గట్టిపడితే అయ్యేది కాల్షియం కార్బొనేట్. ముత్యం, ముత్యపుచిప్ప లోపలి మెరుపు పొర కూడా దాదాపు అంతా అదే. చిప్పలోని జీవి దాన్ని అర మైక్రాను మందం పలకలుగా చేసి, మధ్యలో సన్నని ప్రొటీను పూత పెట్టి, ఇటుకల్లా పేరుస్తుంది. పలకల మీది నించి వచ్చిన అలలు కలిసి ఆ లేత ఇంద్రధనుస్సు నిగనిగ పుడుతుంది. ఇటు చూస్తే సున్నం, అటు చూస్తే ముత్యం. తెలుగు విద్యార్థులం కదా, మనకి ఇది కొత్త కాదు. 'కల' లో అక్షరాలే 'లక' లోనూ ఉన్నాయి. ఒకదానికి అర్థముంది, రెండోదానికి లేదు.

చీర, నోటు, బీరువా

ఇక మూడో కవరు. నెమలికంఠం రంగు పట్టు కూడా మడత తిప్పితే నీలం, పచ్చ మారుతుంది. మరి అదీ నెమలీక లాంటిదేనా? కాదు. అక్కడ పడుగు నీలం దారం, పేక ఆకుపచ్చ దారం. ఒకవైపు నించి పడుగు ఎక్కువ కనబడుతుంది, ఇంకోవైపు నించి పేక. నేతగాళ్ళ తెలివి గొప్పదే. కానీ రెండూ అద్దకం రంగులే. ఎండ ఆ వర్ణకాల్ని కొంచెం కొంచెంగా విరగ్గొడుతుంది. అమ్మ వాచకం అట్టకీ సిరాకీ అయిన గతే ఎండలో ఆరేసే చీరకీ పడుతుంది. అందుకే మంచి పట్టుచీరల్ని నీడన ఆరేసి బీరువాలో దాస్తారు.

నిర్మాణ వర్ణంలో విరగడానికి అలాంటి రంగు పదార్థం లేదు, పేర్పు నిలిచినంతకాలం రంగు నిలుస్తుంది. 1903 ఢిల్లీ దర్బారులో వైస్రాయి భార్య లేడీ కర్జన్ కట్టిన 'నెమలి గౌను' ఇంగ్లండులోని కెడిల్‌స్టన్ భవనంలో ఉంది. దాని మీద జరీ పనితో వేసిన పింఛాల కన్నుల్లో ఆకుపచ్చ పురుగు రెక్కలు కుట్టారు. ఆ రెక్కల మెరుపూ పొరల పేర్పు వల్ల వచ్చేదే. జరీ నల్లబడినా రెక్కలింకా మెరుస్తున్నాయి. ఇంకా వెనక్కి పోతే, జర్మనీలోని మెసెల్ దగ్గర తవ్వకాల్లో 4 కోట్ల 70 లక్షల ఏళ్ళ నాటి పురుగుల శిలాజాలు దొరికాయి. వాటి రెక్కలకి ఈనాటికీ లోహపు మెరుపు ఉంది. అమ్మ ముప్పై ఏళ్ళు ఏపాటి?

మనుషులూ ఈ విద్యని కాస్త నేర్చుకున్నారు. మీ దగ్గర 500 రూపాయల నోటు ఉంటే వంచి చూడండి. భద్రతా దారం ఆకుపచ్చ నించి నీలానికి మారుతుంది. జిరాక్సు మిషను ఒకే కోణం నించి చూస్తుంది కాబట్టి ఈ మార్పుని దొంగిలించలేదు. బట్టల్లోనూ ప్రయత్నం జరిగింది. జపానులో టైజిన్ కంపెనీ నైలాను, పాలియెస్టరు పొరలు 61 పేర్చి, అద్దకం లేకుండానే మెరిసే 'మార్ఫోటెక్స్' దారం తీసింది. అది ఎక్కువకాలం నడవలేదు. కానీ ఆ ఆలోచన అవసరం ఎంతుందో తిరుప్పూరు వైపు వాళ్ళని అడిగితే చెబుతారు. అద్దకం నీళ్ళు కలిసి నొయ్యల్ నది పాడైపోతే 2011లో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం యూనిట్లని మూయించాల్సి వచ్చింది. ఒక్క చుక్క రంగునీరు వదలకుండా నెమలి ఏటేటా కొత్త పింఛం నేసుకుంటుంది.

పాలపిట్ట మాట

చివరగా మన బెంగళూరుకి దగ్గరి సంగతి ఒకటి. సి.వి. రామన్ బాల్యం, తొలి చదువు విశాఖపట్నంలో గడిచాయని మనకి తెలుసు. ఆయన 1933లో ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థకి డైరెక్టరుగా వచ్చారు. మర్నాడే అన్నట్టు 1934లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పెట్టి, దాని పత్రిక తొలి సంపుటంలోనే పక్షి ఈకల రంగుల మీద వ్యాసం రాశారు. అందుకు ఆయన పరిశీలించిన ఈకలు పాలపిట్టవి. కర్ణాటక, ఒడిశా, తెలంగాణ మూడింటికీ రాష్ట్ర పక్షి అదే.

పాలపిట్ట నీలం కూడా వర్ణకం కాదు. అయితే నెమలిలా స్తంభాల వరసలూ కావు. దాని ఈక పోగులో కెరటిన్ స్పాంజి లాగా ఉంటుంది, నిండా సన్నని గాలి గదులు. గదులు వరసగా లేవు గాని అన్నీ ఇంచుమించు ఒకే కొలత. ఏ వైపు నించి చూసినా ఒకే లెక్క, అందుకే ఏ వైపు నించి చూసినా అదే నీలం. నెమలిలా కోణాన్ని బట్టి మారదు. ఒకే సరుకు, ఇంకో పేర్పు, ఇంకో రకం నీలం.

దసరా నాడు పాలపిట్ట కనబడితే శుభమని మనవాళ్ళ నమ్మకం. ఊరి పొలిమేరకి వెళ్ళి, ఆకాశంలో వెతికి చూడాల్సిన పిట్ట అది. ఇప్పుడు కొన్నిచోట్ల పండగ ముందే దాన్ని పట్టి, ఎగరకుండా కట్టి, పంజరంలో పెట్టి వాకిలి వాకిలికీ తిప్పి డబ్బులు అడుగుతున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. నేరం సంగతి అలా ఉంచండి, అసలు అలా చూస్తే కనబడేదేమిటి? ముడుచుకుని కూర్చున్న పాలపిట్ట దూరానికి గోధుమరంగు పిట్ట. ఎగిరి రెక్క విప్పినప్పుడే ఆ రెండు నీలాలూ ఒక్కసారి ఆకాశంలో పరుచుకుంటాయి. పంజరంలో దాన్ని చూసినవాళ్ళు పాలపిట్టని చూశామనుకుంటారు గాని, దాని నీలాన్ని చూడలేదు.

అమ్మకి ఇదంతా చెప్పాను. నూరిన పొడి చూపించి, "ఇందులో నీలం ఎప్పుడూ లేదమ్మా, పేర్పులో ఉంది," అన్నాను. పొడి వంకా, ఈక వంకా చూసి, "ఆ కన్ను ముట్టుకోలేదుగా?" అని మాత్రం అడిగింది. ఈకని మళ్ళీ ఆ వాచకంలోనే, ఆ పేజీలోనే పెట్టింది.

కవర్లు వారం రోజులు ఇక్కడే ఉంటాయి. వంచి చూడండి, వెనక లైటు వేసి చూడండి. దయచేసి మొదటి కవరు మాత్రం విప్పకండి. నాకు దొరికినవి ఆ రెండు పోగులే.